కొంగ భుజం, పెద్దాయన బరువు

ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద జరిగేది పెద్దాయనకే. పెద్దాయనంటే ఇంటాయన తండ్రీ కాదు, తాతా కాదు. ఒక కెమెరా లెన్సు. నల్లగా, పొడుగ్గా, పొగగొట్టంలా ఉండేది. మంచం మీద పడుకోబెడితే మంచం కిర్రుమనేది. స్కూటరు వెనక సీటుకి కట్టుకుని తీసుకెళ్తుంటే ముందు చక్రం గాల్లోకి లేచేదని ఎదురింటివాళ్ళు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. వాన మొదలైతే ముందు పెద్దాయన మీద దుప్పటి కప్పాలి, ఆ తర్వాతే పెరట్లో ఆరేసిన బట్టల సంగతి. దానికొక దిండు, దిండుకొక గలేబు, గలేబుకి లేసు అంచు. ఆ ఇల్లాలి దిండుకి మాత్రం లేసు లేదు. ఆ సంగతి ఆవిడ ఒక్కనాడూ మర్చిపోలేదు, ఎవర్నీ మర్చిపోనివ్వలేదు.

ఇంటాయన కర్టెన్లు కుట్టే టైలరు. ఇంటి ముందు గదే కొట్టు. రెండు కుట్టుమిషన్లు, ఒకటి ఆయనది, ఒకటి ఆవిడది. మధ్యలో ఇద్దరు మనుషులు హాయిగా పడుకోగలిగేంత పెద్ద కత్తిరింపు బల్ల. తెలిసినవాళ్ళందరూ అతన్ని కొంగ అంటారు. కాళ్ళు సన్నం, మెడ పొడుగు. అంతమాత్రానికే వచ్చిన పేరు కాదది. ఊరి బయట ఎప్పుడో వదిలేసిన రాతిక్వారీ ఉంది. దాంట్లో నీళ్ళు నిలిచి, తుంగ మొలిచి, చేపలు చేరి, అదో చిన్న లోకమైపోయింది. ఆదివారం తెల్లవారేసరికి అక్కడ రాళ్ళ మధ్య ఊపిరి కూడా లెక్కగా తీసుకుంటూ నిలబడేవాడు. అసలు కొంగలే అతన్ని చూసి, మనవాడేలెమ్మని పక్కకి జరిగి చోటిచ్చేవట.

లకుముకిపిట్టని తీశాడు. ముంగిసని తీశాడు. దాహానికొచ్చిన నక్కని తీసి, పెద్దది చేయించి కొట్టులో తగిలిస్తే, పడగ్గదికి కర్టెన్లు కావాలని వచ్చిన ఒకావిడ ఆ నక్క చూపుకి భయపడి కొలతలు చెప్పకుండానే వెళ్ళిపోయింది. ఎన్ని తీసినా అతని మనసంతా ఒకదాని మీదే. నీటికుక్క. పేరుకి కుక్కేగానీ కుక్క కాదు. ముంగిసని పట్టుకుని రెండువైపులా సాగదీసి, ఒళ్ళంతా నూనె రాసి నీళ్ళలో వదిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఏడాదికోసారి పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లల్ని మెడ దగ్గర నోట కరుచుకుని ఈ బొరియ నుంచి ఆ బొరియకి మారుస్తుంది. ఆ మార్చడం ఒక్క ఫోటో తియ్యాలి. అదే కొంగ కోరిక.

ఆ రోజు రానే వచ్చింది. వెలుగు అప్పుడప్పుడే నీళ్ళ మీద పడుతోంది. పెద్దాయన్ని ఒళ్ళో పెట్టుకుని కొంగ బండ మీద కూర్చున్నాడు. ముక్కాలి స్టాండు తెచ్చుకోవచ్చుగా అంటారేమో, పెద్దాయన్ని మోసుకుంటూ ఆ రాళ్ళు దిగడమే గగనం, ఇంక స్టాండు కూడా మొయ్యాలంటే ఏనుగొకటి కావాలి. ఇంతలో తుంగ కదిలింది. తల్లి నీటికుక్క బయటికొచ్చింది. నోట్లో పిల్ల. ఒళ్ళు తడిసి, కళ్ళు మూసుకుని, తోక వేలాడేసుకుని ఉంది. పది పరదాలు పక్కపక్కన పరిచినంత దూరంలో, పెళ్ళికూతురు నడిచినట్టు తాపీగా నడిచి వెళ్తోంది.

కొంగ పెద్దాయన్ని ఎత్తాడు. ఎత్తానే అనుకున్నాడు. చూస్తే చెయ్యి ఒళ్ళోనే ఉంది. కుడిభుజం తుప్పు పట్టిన గడియలా బిగుసుకుపోయింది. ఎడంచేత్తో లాగబోయాడు, లెన్సు బండకి తగిలి ఖంగుమంది. నీటికుక్క ఒక్కసారి తలతిప్పి చూసింది. 'ఏంటయ్యా నీ గోల' అన్నట్టే చూసిందని తర్వాత కొంగ చెప్పుకున్నాడు. ఆపైన పిల్లతో సహా నీళ్ళలోకి జారిపోయింది.

ఇంటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ ఆ ఇల్లాలి కళ్ళుగప్పడం ఎవరి తరం? మొగుడు ఎడంచేత్తో తల దువ్వుకుంటుంటే చూసింది. పాపిడి వంకర పోయి చెవి దాకా వచ్చింది.

"ఏమండీ, ఆ చెయ్యి పైకెత్తండి."

"ఎందుకే?"

"ఊరికే. ఎత్తండి."

ఎత్తాడు. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది.

"సరే, పదండి" అని చెప్పులేసుకుంది.

ఎముకల డాక్టరమ్మ భుజాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. అటు తిప్పినప్పుడు కొంగ వేసిన కేకకి బయట వరసలో కూర్చున్న ఇద్దరు నొప్పి తగ్గిందని లేచి వెళ్ళిపోయారు.

"ఏం పని చేస్తారు మీరు?"

"కర్టెన్లు కుడతానండీ."

"కుట్టుపనికి ఇంత అరిగిపోదే. ఇంకేం మోస్తారు?"

కొంగ కిటికీలోంచి బయటికి చూశాడు. ఇల్లాలు అందుకుంది. "పెద్దాయన్ని మోస్తారండీ."

"అయ్యో పాపం. మంచంలో ఉన్నారా?"

"దిండు మీద ఉన్నాడు" అని ఆవిడ మొదలుపెట్టి, లేసు గలేబుతో సహా మొత్తం చెప్పేసింది. డాక్టరమ్మ నవ్వలేదు. "చూడండి, ఈ భుజానికి ఇక రెండు పనులు చేసే ఓపిక లేదు. మందులు వాడి, నేను చెప్పిన కసరత్తు చేస్తే తేలికపాటి పని చేసుకోవచ్చు. ఆ బరువే మళ్ళీ ఎత్తారో, ఈసారి బిగుసుకుంటే కత్తెర కూడా పట్టుకోలేరు" అంది. వాళ్ళు లేచి వెళ్తుంటే, "అన్నట్టు, మా పరీక్ష గదిలో మంచాల మధ్యకి కర్టెన్లు కావాలి. చెయ్యి నయమయ్యాకే కుట్టండి, తొందరేం లేదు" అని కొలతలిచ్చింది.

ఇంటి దగ్గరికొచ్చాక కొంగ అన్నాడు. "అయితే నీళ్ళ దగ్గరికి వెళ్ళడం మానెయ్యమంటావా?"

"నేనెక్కడన్నాను? పెద్దాయన్ని మానెయ్యండి. క్వారీకి మా తమ్ముడి దగ్గరున్న చిన్నది ఏదైనా పట్టుకెళ్ళండి."

చిన్నది అనగానే కొంగ మొహం నీళ్ళలో ముంచిన గుడ్డలా జారిపోయింది.

బావమరిది కెమెరాల కొట్టులో పనిచేస్తాడు. కొట్టినా ఏడవడుగానీ, బావని ఆటపట్టించే అవకాశం పోతే మాత్రం ఏడుస్తాడు. పెద్దాయన్ని దిండుతో సహా ఆటోలో వేసుకుని మొగుడూ పెళ్ళాం వచ్చేసరికి గాజుబల్ల మీద మూడు కెమెరాలు వరసగా పెట్టి ఉంచాడు.

"రా బావా. పెళ్ళిచూపులే అనుకో. ముగ్గురూ లక్షణంగా ఉన్నారు."

"ముందు అసలు సంగతి చెప్పరా. ఇంత చిన్నవాటిల్లో అంతదూరం జంతువు ఎలా పడుతుంది?"

బావమరిది నిజంగానే పనిమంతుడు. ఎగతాళి పక్కన పెట్టి చెప్పాడు. పాత కెమెరాల్లో లోపల అద్దం ఒకటి ఎగిరిపడుతూ ఉంటుంది, ఈ కొత్తవాటిల్లో అది లేదు, అందుకే ఒళ్ళు సగమైంది, చప్పుడూ పోయింది. ఇక మొదటిదాంట్లో బొమ్మ పడే పలక పెద్దది, చీకట్లో కూడా బొమ్మ శుభ్రంగా వస్తుంది, కానీ దానికి తగ్గ లెన్సు మళ్ళీ పెద్దాయనకి పినతండ్రి కొడుకే. రెండోది మధ్యరకం. మూడోదాంట్లో పలక చిన్నది. పలక చిన్నదైతే చిన్న లెన్సుతోనే దూరం జంతువు దగ్గరికొచ్చి కూర్చుంటుంది.

"మరి దీంట్లో లోపమేం లేదా?"

"ఉంది. వెలుగు తక్కువైతే బొమ్మ మీద ఇసక చల్లినట్టుంటుంది. నీ నీటికుక్క వచ్చేది తెల్లవారుజామునే కదా. కొంచెం ఇసక తప్పదు బావా."

"ఇసకా?" కొంగ మొహం ముడుచుకున్నాడు. "పట్టుగుడ్డ అడిగినవాడికి గోనెపట్టా చూపించినట్టుందిరా."

అప్పటిదాకా స్టూలు మీద కూర్చుని వింటున్న ఇల్లాలు లేచింది. "ఇసకా మట్టీ తర్వాత. ముందు ఒక్కోటీ కంటి దగ్గర ఎత్తి పట్టుకోండి. నేను మీ చెల్లెలి సంగతి చెబుతాను. చెప్పడం అయ్యేదాకా దించకూడదు."

"ఏ సంగతే?"

"మన గృహప్రవేశానికొచ్చి నా చీర గురించి అన్నదే, ఆ సంగతి."

బావమరిది గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆ సంగతి మొదలైతే కాలెండరులో కాయితం మారాల్సిందేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

మొదటి కెమెరా ఎత్తాడు. ఆవిడ చెప్పే కథలో చెల్లెలు ఇంకా గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఉంది, కొంగ చెయ్యి వణికి దిగిపోయింది. రెండోది చెల్లెలు లోపలికొచ్చి, మంచినీళ్ళు తాగి, చీర వైపు చూసేదాకా నిలిచింది. మూడోది ఎత్తాడు. చెల్లెలు చీర గురించి అనాల్సిందంతా అంది, వదిన ఇవ్వాల్సిన జవాబు ఇచ్చింది, మధ్యలో అత్తగారు దూరింది, ఆవిడ కథ ఒకటి వచ్చింది, అందరూ అలిగారు, అందరూ భోంచేశారు. కొంగ చెయ్యి కంటి దగ్గరే ఉంది.

"ఇదే" అంది ఇల్లాలు.

"ఇసక..." అన్నాడు కొంగ.

"మీ భుజంలో పోసుకోండి."

పెద్దాయన్ని అక్కడే ఇచ్చేసి దాన్ని తెచ్చుకున్నారు. ఇచ్చేటప్పుడు కొంగ లేసు గలేబుని విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రికే దాన్ని భార్య దిండుకి తొడిగాడు. పొట్టిదైపోయింది, దిండు సగమే పట్టింది. అయినా ఆవిడ తియ్యలేదు.

కొత్త కెమెరాకి బుడ్డోడని పేరొచ్చింది. కసరత్తు చేసీ చేసీ భుజం కాస్త వదులయ్యాక, కొంగ బుడ్డోడితో క్వారీకి వెళ్ళడం మొదలుపెట్టాడు. కంటికి ఆనిస్తే ఏమీ ఆనించినట్టే లేదు. ఎండుటాకుని పట్టుకున్నట్టుంది. ఇంటికొచ్చి చూసుకుంటే పిట్టకి రెండు ముక్కులు, ముంగిసకి మూడు తోకలు. అన్నీ అదిరి, అలికినట్టు వచ్చాయి. పెద్దాయన ఉండగా ఏనాడైనా ఇలా జరిగిందా? ఎవరినైనా అడిగితే సరిపోయేది. కానీ బావమరిదినడిగితే నవ్వుతాడు, పెళ్ళాన్నడిగితే బుడ్డోడు కూడా పోతాడేమో. కాబట్టి కొంగ తన బుర్రనే అడిగాడు. ఆ బుర్రకి తెలిసింది కర్టెన్లు.

కర్టెను గాలికి ఎగురుతుంటే ఏం చేస్తారు? కింద అంచు మడతలో సీసం బిళ్ళలు వేసి కుడతారు. బిళ్ళ పడగానే ఎంత పల్చటి గుడ్డయినా బుద్ధిగా నిలబడుతుంది. కెమెరాకి మాత్రం వేరే న్యాయమా?

బుడ్డోడికి చక్కటి గుడ్డ తొడుగు కుట్టాడు. దాని మడతలో బిళ్ళలు వేశాడు. ఫోటోలు కొంచెం నిలిచాయి. ఇంకో వరస వేశాడు. ఇంకొంచెం నిలిచాయి. మెడలో వేసుకునే పట్టీలోనూ పెట్టి కుట్టాడు. ఎంత పనితనమంటే, బయటినుంచి చూస్తే ఒక్క ఉబ్బు కనపడదు. ఇక ముక్కు ఒకటే, తోక ఒకటే. కొంగ ఈల వేసుకుంటూ మిషను తొక్కాడు. భుజం మళ్ళీ లోపల్నుంచి సలపడం మొదలైంది. చలికేలే అనుకున్నాడు. చెమటలు కారుతుంటే కూడా చలికేలే అనుకున్నాడు. సొరుగులో బిళ్ళలన్నీ అయిపోయాయి. అదే సమయానికి డాక్టరమ్మ కర్టెన్లు కూడా పూర్తయ్యాయి. అంచులో ఏమీ లేకుండానే మడిచి కుట్టి, తర్వాత వేద్దాంలెమ్మని ఇచ్చేశాడు.

తగిలించిన మర్నాడే డాక్టరమ్మ నుంచి ఇల్లాలికి ఫోనొచ్చింది.

"అమ్మా, మీ కర్టెన్లు కర్టెన్లా, గాలిపటాలా?"

"ఏమైందండీ?"

జరిగిందేమిటంటే, ఒక హెడ్మాస్టరుగారు నడుం నొప్పని వచ్చారు. మంచం మీద బోర్లా పడుకుని, చొక్కా బనీను తీసి, ప్యాంటు కాస్త కిందికి దించుకుని ఉన్నారు. ఫ్యాను వేశారు. కర్టెను అమాంతం లేచి కప్పుకి అంటుకుంది. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. క్రమశిక్షణ గల పిల్లలు కాబట్టి అందరూ ఒక్కసారిగా లేచి నిలబడి "నమస్కారం సార్" అన్నారు. ఆయన బోర్లా పడుకునే, "కూర్చోండి" అన్నారు.

ఇల్లాలు ఫోను పెట్టేసి సొరుగు తెరిచింది. దులిపినా ఒక్క బిళ్ళ రాలలేదు. బిళ్ళలు ఆవిరైపోయే వస్తువులు కావు. ఆవిడ గదంతా ఒకసారి కలియజూసింది. మేకుకి వేలాడుతున్న బుడ్డోడి దగ్గర చూపు ఆగింది. మేకు కిందికి వంగి ఉంది.

కొంగ లోపలికొచ్చేసరికి కెమెరా కత్తిరింపు బల్ల మీద ఉంది. ఆవిడ చేతిలో కుట్లు విప్పే బ్లేడుంది.

"ఏమండీ, ఇది తేలిక కెమెరా కదూ?"

"అవునే."

"మీ చెల్లెలి సంగతి మళ్ళీ చెబుతాను. ఎత్తి పట్టుకుంటారా?"

ఆవిడ ఒక్క కుట్టు తెంపింది. సీసం బిళ్ళలు బల్ల మీద గలగలా పడ్డాయి. పట్టీ తెంపింది. ఇంకా పడ్డాయి. పడుతూనే ఉన్నాయి. బల్ల మీంచి దొర్లి, మిషను కిందికి దొర్లి, వీధి గుమ్మం దాకా వెళ్ళాయి.

"కెమెరాకి బిళ్ళలేంటండీ? ఇదేమైనా కిటికీకి వేలాడదీస్తామా?"

"ఊగుతోందే. అదురుతోంది. అంచు నిలవాలి కదా..."

ఆవిడ అరవలేదు. అరిస్తే కొంగకి అంత భయం వేసేది కాదు. బల్లకి ఆనుకుని నెమ్మదిగా అంది. "గుడ్డ కత్తిరించే మొగుడు కావాలి నాకు. పొద్దున్నే లేచి పిచ్చివాడిలా ఆ నీళ్ళ దగ్గరికి పోయే మొగుడూ కావాలి. ఆదివారం ఇంట్లో కూర్చుంటే మీరసలు మనిషిలా ఉండరు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఈ ఒక్క భుజమే. దాన్ని కూడా మీరే విరగ్గొట్టుకుంటే నేనేం చెయ్యను?"

కొంగ కిందికి వంగి బిళ్ళలు ఏరడం మొదలుపెట్టాడు. ఎడంచేత్తో.

కబురందుకుని బావమరిది పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని ముందు గుమ్మం మీద కూలబడి కడుపు పట్టుకున్నాడు. నవ్వు అయిపోయాక, బుడ్డోడిని కొంగ చేతికిచ్చాడు. "తియ్యి బావా, అక్కనే తియ్యి. చూస్తాను."

కొంగ ఎత్తాడు, నొక్కాడు. బావమరిది ఏదో అనబోయేలోగా ఇల్లాలే అంది. "చూశావా తమ్ముడూ, ఆ వేలు? కుట్టుమిషను పెడలు తొక్కినట్టు తొక్కుతున్నారు."

"అంతే అక్కా. బావా, ఊగేది కెమెరా కాదు, నువ్వు. పెద్దాయన బండరాయి, నువ్వెంత పొడిచినా కదల్లేదు. వీడు పసివాడు, పొడిస్తే ఉలిక్కిపడతాడు. ఎడంచెయ్యి కింద పెట్టు. మోచేతులు డొక్కకి ఆనించు. వేలు ఆనించి మెల్లిగా దించు, అంతే."

చెప్పడం తేలిక. ఏళ్ళ తరబడి పెడలు తొక్కిన మనిషి వేలికి మెల్లి అంటే ఏం తెలుస్తుంది? ఇల్లాలు ఒక ఖాళీ దారపు రీలు తెచ్చి లెన్సు మీద నిలబెట్టింది. అది పడకుండా బొత్తాం నొక్కాలి. పడితే వెళ్ళి ఏరుకోవాలి. ఆ రీలు మిషను కింద, బల్ల కింద, పక్కింటి మెట్ల కింద తిరిగినంత తిరుగుడు ఊళ్ళో ఏ రీలూ తిరిగి ఉండదు. అది పడడం మానేసేసరికి భుజం సలపడమూ మానేసింది. బిళ్ళలన్నీ డాక్టరమ్మ కర్టెన్ల అంచుల్లోకి వెళ్ళిపోయాయి. ఆ కర్టెన్లు ఇప్పుడు తుఫానొచ్చినా తల వంచవు.

నీటికుక్క పిల్లల్ని పెట్టే కాలం మళ్ళీ వచ్చింది. ఈసారి ఇల్లాలు కూడా బయల్దేరింది.

"నువ్వెందుకే? రాళ్ళు జారతాయి."

"తొడుగులో ఏం కుట్టుకొస్తారో ఎవరికి తెలుసు? నా కళ్ళముందుంటే మంచిది."

బండ వెనక ఇద్దరూ కూర్చున్నారు. కొంగలు ఆవిడకి కూడా చోటిచ్చాయి. పొద్దు సరిగ్గా పొడవలేదు. నీళ్ళమీద పొగమంచు. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదలు. తుంగ కదిలింది. ఆవిడ మొగుడి మోకాలు పట్టుకుంది. తల్లి బయటికొచ్చింది. నోట్లో పిల్ల.

కొంగ చెయ్యి లేచింది. ఏ చప్పుడూ లేదు, ఏ నొప్పీ లేదు. మోచేతులు డొక్కకి ఆనాయి. లెన్సు మీద లేని రీలుని తల్చుకుని వేలు దించాడు. తల్లి ఆగింది. తల తిప్పి చూసింది. కొంగ మళ్ళీ వేలు దించాడు. తర్వాత అది తన దారిన పోయింది, పిల్ల తోక చివరి దాకా ఊగుతూ కనిపించింది.

"వచ్చిందా?" అంది ఇల్లాలు గుసగుసగా.

కొంగ కెమెరా ఆవిడ చేతికిచ్చాడు.

బొమ్మ మీద ఇసక ఉంది. బావమరిది చెప్పినంతా ఉంది. "ఇది ఇసక కాదు, పొగమంచు" అని కొంగ అందరితో వాదిస్తాడు. బావమరిది ఒకసారి "అవును బావా, పొగమంచే" అని ఒప్పుకున్నాడు. బావతో అతను ఒప్పుకున్న మాట ఆ ఒక్కటే. ఇసక ఉంటే ఉండనీ, తల్లి కన్ను మాత్రం సూదిమొనలా ఉంది.

ఆ ఫోటో పెద్దది చేయించి, కర్టెన్ల గొడవకి క్షమాపణగా డాక్టరమ్మకి పట్టుకెళ్ళి పరీక్ష గది గోడకి తగిలించాడు. ఆవేళ అక్కడ హెడ్మాస్టరుగారున్నారు. కర్టెను అంచుని ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుని, ఆ తర్వాతే చొక్కా విప్పారు. కళ్ళజోడు లేకుండా గోడ వైపు చూసి అడిగారు.

"ఏమయ్యా, ఈ ఎలక తన పిల్లని ఎక్కడికి తీసుకుపోతోంది?"

కొంగ ఒంటికి కారం రాసినట్టయింది. "ఎలకేంటి మాస్టారూ! నీటికుక్క! ఎలక ఇంత, ఇది ఇంత..." అని రెండు చేతులూ బార్లా చాపాడు. "వెనక కాళ్ళమీద లేచిందంటే ఇదిగో, ఇంత ఎత్తు..." అని కుడిచెయ్యి పైకెత్తాడు.

డాక్టరమ్మ ఫోటో వైపు చూడలేదు. ఆ చెయ్యినే చూస్తోంది. లేచి దగ్గరికొచ్చి భుజం మీద వేళ్ళు ఆనించింది.

"ఇంకొంచెం పైకి."

"నీటికుక్క అంత ఎత్తుండదండీ."

"ఉంటుందనుకుని ఎత్తండి."

కొంగ ఎత్తాడు. ఆ గదిలో నీటికుక్క ఫ్యాను రెక్కల దాకా పెరిగింది.